పాత దూలం మీద రంపం పెట్టేముందు

కోనసీమలో మండువా ఇల్లు విప్పుతున్నారంటే ఆ కబురు మా వడ్రంగుల చెవిన ముందు పడుతుంది. పెంకులకొకరు, ఇటుకలకొకరు బేరానికి దిగితే మేం దూలాలు, ద్వారబంధాలు చూసుకుంటాం. మయన్మార్ 2014 ఏప్రిల్ నుంచి టేకు మొద్దుల ఎగుమతి ఆపేశాక, పాత ఇళ్ళలోని బర్మా టేకు మీద అందరి కన్నూ పడింది. హైదరాబాదు నుంచి ఫోన్లు కూడా వస్తున్నాయి. "మేస్త్రీగారూ, మా తాతగారి ఇంటి దూలం ఉందండి. పలకలు కోసి డైనింగ్ టేబుల్ చేసిపెట్టాలి. బాగా ఎండిన చెక్కే కాబట్టి పని తేలికే కదా?" ఎండింది కాబట్టే కష్టమండీ అంటే, కూలి పెంచడానికి అంటున్నాననుకుంటారు.

పచ్చి మానులో నీరు రెండు చోట్ల ఉంటుంది. కణాల బోలులో కొంత, కణాల గోడల్లో కొంత. బోలులోది పోయినా చెక్క కొలత మారదు. తేమ సుమారు 30 శాతానికి దిగాక గోడల్లోది ఆరడం మొదలవుతుంది. చెక్క కుంచించుకోవడం, గట్టిపడడం అప్పటినుంచే. 12 శాతానికి వచ్చేసరికి నిలువునా బరువు మోసే శక్తి చాలా జాతుల్లో ఇంచుమించు రెట్టింపవుతుంది. ఇంటికి అది మేలు, రంపానికి కీడు. పచ్చి చెక్కలో ఆ తడే పళ్ళను చల్లబరుస్తుంది. ఎండిన దూలంలో రాపిడి వేడంతా బ్లేడులోనే నిలుస్తుంది. సామిల్లులో తిరిగే పలచటి పట్టీ బ్లేడు వేడికి సాగి, గీత తప్పి పక్కకు పోతుంది. కోసిన ముఖం మాడి నల్లబడుతుంది. దానికి తోడు టేకులో సిలికా ఉంటుంది, అంటే ఇసుకలో ఉండే సరుకే. మామూలు ఉక్కు పళ్ళు చూస్తుండగానే మొండివైపోతాయి. కార్బైడ్ పళ్ళు పెట్టి, దూలాన్ని నెమ్మదిగా తోయాలి. తొందరపడే కుర్రాణ్ణి నేను ఆ మిషను దగ్గర నిలబెట్టను.

గట్టిదనంతో ఎలాగోలా వేగవచ్చు. అసలు భయం మేకులతో. పాత ఇంటి దూలానికి ఎవరెవరు ఏమేం కొట్టారో లెక్కుండదు. ఉయ్యాలబల్ల కొక్కేలు, లాంతరు చీల, దోమతెర మేకులు, కరెంటు వచ్చిన కొత్తలో వైర్లకు కొట్టిన క్లిప్పులు, ఏటేటా మామిడి తోరణానికి ఇంకో మేకు. వీటిలో చాలావాటికి తల తుప్పుపట్టి రాలిపోయి, మొండెం మాత్రం లోపల మిగులుతుంది. పైకి ఏమీ కనబడదు. చెక్క మీద నీలం కలిసిన నల్ల మచ్చ ఉంటే మాత్రం అనుమానించాలి. చెక్కలోని టానిన్, ఇనుము కలిసినచోట ఆ రంగు వస్తుంది. కోతకు ముందు నాలుగు ముఖాలమీదా మెటల్ డిటెక్టర్ తిప్పుతాను. అది కూసినచోట బర్మాతో చుట్టూ బెజ్జాలు వేసి మేకును లాగేస్తాను. ఒక్క మేకు తగిలినా బ్లేడు పోతుంది, విరిగిన పన్ను ఎటు ఎగురుతుందో చెప్పలేం. ఇక గోడలో దూరి ఉన్న దూలం కొసలు చూడండి: సున్నం, ఇసుక, పలుచోట్ల చెదలు. ఆ కొసలు ముందే కోసి పారేయమంటాను. యజమానులకు ప్రాణం ఒప్పదు.

పెద్ద దూలంలో ఇంకో గుట్టుంది. ఆరేటప్పుడు పైపొర ముందు ఎండి బిగుసుకుంటుంది, లోపలి భాగం తర్వాత కుంచించుకుంటుంది. ఒకదాన్నొకటి లాగుతూ ఏళ్ళ తరబడి సరితూగి ఉంటాయి. రంపం ఆ తూకాన్ని చెడగొడుతుంది. కోత సందు మూసుకుని బ్లేడును పట్టేస్తుంది, లేకపోతే పలక విల్లులా వంగి లేస్తుంది. అందుకని కోత వెనకాలే సందులో చెక్కముక్కలు దూర్చుతూ పోవాలి. పలకలను కావలసినదానికంటే మందంగా తీసి, మధ్య పుల్లలు పెట్టి నీడలో పేర్చి, కొన్ని వారాలయ్యాకే చిత్రిక పట్టాలి.

ఎనభై ఏళ్ళు ఎండినదానికి ఇంకా ఆరడమేమిటని అడుగుతారు. చెక్క గాలిని బట్టి తేమను తీసుకుంటుంది, వదులుతుంది. కాలువగట్టు ఇంట్లో 14 శాతం తేమతో ఉన్న టేకు, ఏసీ గదిలో 9కి దిగిందనుకోండి. వలయాల వెంబడి కోసిన అడుగు వెడల్పు పలక దాదాపు 3 మిల్లీమీటర్లు తగ్గుతుంది. బల్ల పైభాగాన్ని కదలకుండా బిగిస్తే అది చీలి తీరుతుంది. అతుకు వేయాలన్నా టేకు నూనె అడ్డం వస్తుంది. చిత్రిక పట్టిన వెంటనే, ముఖం తాజాగా ఉండగానే జిగురు రాయాలి.

పొడి సంగతి మావాళ్ళే పట్టించుకోరు. ఎండిన చెక్క పొట్టు సన్నగా లేచి గాల్లో తేలుతుంది. చెక్క ధూళి క్యాన్సర్ తెచ్చేదేనని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన పరిశోధన విభాగం ఏనాడో తేల్చింది. పాత తలుపుల రంగుల్లో సీసం కూడా ఉండవచ్చు. రంగుల్లో సీసానికి మన దేశంలో 90 పీపీఎం హద్దు పెట్టిన నియమాలు వచ్చిందే 2016లో. అలాంటి తలుపును పొడిగా ఉప్పుకాగితంతో రుద్దవద్దు. మాస్కు లేకుండా అసలే వద్దు. పిల్లలున్న ఇంట్లో ఆ పని పెట్టుకోకండి.

ఇంతా విన్నాక మరేం చేయమంటారని అడిగేవాళ్ళకు నా సలహా ఒకటే, వీలైనంత తక్కువ కోయండి. ద్వారబంధాన్ని కొత్తింట్లో ద్వారబంధంగానే నిలబెట్టండి. దూలాన్ని అడ్డంగా తెగ్గోసి వరండాలో కూర్చునే దిమ్మలు చేయించుకోండి. పొడవునా కోసి పలకలే కావాలంటే చేస్తాను. సరుకులో మూడోవంతు తరుగు పోతుందని, బ్లేడు ఖర్చు విడిగా ఉంటుందని, మేకు తగిలితే ఆ నష్టం ఎవరిదో ముందే తేల్చుకుందామని చెప్పి, అప్పుడు బయానా తీసుకుంటాను.