భయభక్తులలో భయమెంత?

నిరుడు హాస్టల్లో నేనొక తప్పు చేశాను. అది చెప్పుకోకుండా ఈ వ్యాసం రాయడం నిజాయితీ కాదు.

నా గదిలో ఉండే మిత్రుని తండ్రి హఠాత్తుగా పోయాడు. కర్మకాండ ముగించుకొని, గుండుతో తిరిగి వచ్చాడు మిత్రుడు. ఓదార్చాలనే వాడి పక్కన కూర్చున్నాను. కాని నా నోట వచ్చిన మాట వేరు. "రేపు ఎవరికేమవుతుందో తెల్వదు. నువ్వన్నా యేసును నమ్ముకో, లేకుంటే నరకమే" అన్నాను. వాడు నా మొహంలోకి చూసి, "అంటే మా బాపు ఇప్పుడు నరకంల ఉన్నట్టేనా?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రే వాడు పక్కగదికి మారిపోయాడు.

సెలవులకు గార్ల వెళ్లినప్పుడు నాయనమ్మకు ఈ సంగతి చెప్పాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. చివరకు, "తండ్రి పోయిన పిలగాని పక్కన ఊకె కూసుండాలె బిడ్డా. గట్ల భయపెడ్తరా?" అంది.

ఆ మాట నన్ను వదల్లేదు. మేము క్రైస్తవులం. నమ్మిన దానిని నలుగురితో పంచుకోవాలనే కోరిక నాకుంది. అయితే పంచుకోవడమంటే భయపెట్టడమేనా? నాకు తోచిన జవాబు మిత్రుల ముందు ఉంచుతున్నాను.

మాది వ్యవసాయ కుటుంబం. జొన్నచేలో బెదురుబొమ్మ నిలబెడతాం. మొదటి వారం పిట్టలు దగ్గరికి రావు. రెండో వారం దాని తలమీదే వాలుతాయి. అది పిట్టను తరిమితే తరుముతుందేమో గాని, ఒక్క గింజనైనా పండించలేదు. మా జంతుశాస్త్రం పాఠమూ ఇంచుమించు ఇదే చెబుతుంది. భయపడినప్పుడు అడ్రినలిన్ రక్తంలో కలుస్తుంది, గుండె వేగం హెచ్చుతుంది, జీర్ణక్రియ మందగిస్తుంది. శరీరం పారిపోవడానికో, తిరగబడడానికో సిద్ధమవుతుంది. పాము ఎదురైనప్పుడు అది మేలే. కాని నరకభయంతో తలవంచినవాడు కూడా పారిపోతున్నవాడే. వాడు దేవుణ్ణి ప్రేమిస్తున్నాడని ఎలా అనగలం?

మరి పెద్దలు "భయభక్తులు" అన్నారు కదా అని మీరడగవచ్చు. అందులోని భయం పోలీసును చూసిన దొంగ భయం కాదు. అమ్మ మనసు నొప్పిస్తానేమోననే బిడ్డ వెరపు. అది ప్రేమలోంచి పుట్టిన భయం. యోహాను రాసిన మొదటి పత్రిక నాలుగో అధ్యాయం చదివితే, ప్రేమ నిండిన చోట శిక్షాభయానికి తావుండదని తెలుస్తుంది.

నరకం ఊసు బైబిలులో లేదని నేననను. ఉంది. అయితే యేసు తన గట్టి మాటలు ఎన్నో అన్నది, తామే నీతిమంతులమని విర్రవీగిన మతపెద్దలను. ఊరు పాపులని దూరం పెట్టినవారితో మాత్రం కలిసి భోంచేశాడు. లూకా 15వ అధ్యాయంలోని తప్పిపోయిన కుమారుని కథలో, కొడుకు నోరు తెరవకముందే తండ్రి పరుగెత్తి వెళ్లి కౌగిలించుకుంటాడు. దీనికే కృప అని పేరు.

కృప అంటే నాకు మా పొరుగున ఉన్న బయ్యారం చెరువు గుర్తొస్తుంది. కాకతీయ గణపతిదేవుని సోదరి మైలాంబ 13వ శతాబ్దంలో దాన్ని తవ్వించింది. ఈనాటి రైతు ఒక్క తట్ట మట్టి మోయలేదు, అయినా నీళ్లు అందుతున్నాయి. అలాగని ఎవరూ నాగలి మూలన పెట్టలేదు. నీళ్లున్నాయన్న ధైర్యంతోనే దున్నుతున్నారు. కృప మనిషిని సోమరిని చేస్తుందనే వారికి ఇదే నా జవాబు.

ఈ మాటకు మా దగ్గరే ఒక చరిత్ర ఉంది. గార్లకు పక్కనే డోర్నకల్ జంక్షన్. 1874లో తిరునెల్వేలి ప్రాంతంలో పుట్టిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1909లో అక్కడికి సేవ చేయడానికి వచ్చారు. ఆయన తమిళుడు, మనకోసం తెలుగు నేర్చుకున్నారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన తొలి భారతీయుడు ఆయనే. 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే కన్నుమూశారు.

1910లో ఎడింబరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో ఆయన తెల్ల మిషనరీల ముందు నిలబడి నిర్భయంగా మాట్లాడారు. మీ దానధర్మాలు, త్యాగాలు చాలా గొప్పవే, కాని మాకు కావలసింది స్నేహితులు అన్నది ఆయన మాటల సారాంశం. ఈ సంగతి చదివినప్పుడు సిగ్గుపడ్డాను. నా మిత్రునికి నేను సిద్ధాంతం ఇచ్చాను, స్నేహం ఇవ్వలేదు.

అజరయ్య దగ్గరికి వచ్చినవారిలో అత్యధికులు మాల మాదిగ పేదలు. నిజాం రాజ్యంలో వెట్టి, దొర, కలరా, కరువు — వారి బతుకులో భయానికి కొదువ లేదు. ఇంకొక భయం కోసం వారు దేవుణ్ణి వెతుక్కోలేదని నా నమ్మకం. 1939 జనవరి 6న ప్రతిష్ఠించిన డోర్నకల్ ఎపిఫనీ కథీడ్రల్ చూడండి. గుమ్మటాలు, మినార్లు, గుడి స్తంభాల వంటి స్తంభాలు ఒక్కచోట కనిపిస్తాయి. ఊరిని బెదిరించే కట్టడం కాదది, ఊరివారిని రమ్మనే కట్టడం.

అజరయ్యను విమర్శించినవారూ లేకపోలేదు. మతమార్పిడి విషయంలో గాంధీజీకీ ఆయనకూ 1930లలో గట్టి భేదాభిప్రాయమే ఉండేది. ఆ చర్చ నేటికీ ముగియలేదు. భయపెట్టీ ఆశపెట్టీ మనిషిని లాగకూడదనే హెచ్చరికను మాత్రం క్రైస్తవులమైన మేమే ముందుగా చెవిన పెట్టాలి. ప్రేమతో చెప్పినవాడు ఎదుటివాడు "వద్దు" అన్నా వినగలగాలి. ఆ "వద్దు"తో స్నేహం తెగిపోతే అది ప్రేమ కాదు, బేరం.

సెలవుల తర్వాత మిత్రుని గదికి వెళ్లి క్షమించమన్నాను. "మీ బాపు గురించి చెప్పరా" అన్నాను. రాత్రి రెండు దాకా వాడు చెప్తూనే ఉన్నాడు, నేను వింటూనే ఉన్నాను. సంక్రాంతికి వాడు గార్ల వచ్చాడు. నాయనమ్మ వాడికి సకినాలు పెట్టి, తండ్రి పేరడిగి, వాడి తల నిమిరింది. అంతకు మించి ఏమీ బోధించలేదు.

వాడు మతం మారలేదు. మారతాడా అని నేను లెక్క చూసుకుంటూ కూర్చోలేదు. మొన్న ఒకరోజు వాడే, "మీ నాయనమ్మ నమ్మే దేవుని గురించి చెప్పు" అన్నాడు. నాకు తెలిసినంత చెప్పాను. ఈసారి గది మారలేదు.