వాయిస్ టైపింగ్‌లో 'వెయిట్' అంటే బరువా? ఆగమనా?

మొన్న గుంటూరు మిర్చి యార్డులో కాటా అయ్యాక మా బాబాయ్ ముంబై వ్యాపారికి ఇంగ్లీషు వాయిస్ టైపింగ్‌లో "వెయిట్ ఓకే" అని మెసేజ్ పెట్టాడు. ఫోన్ మాత్రం డబ్ల్యూ-ఏ-ఐ-టి అని కొట్టింది. ఆగమన్నాడనుకుని ఆయన లారీ పంపలేదు. సరుకు రాత్రంతా యార్డులోనే ఉండిపోయింది.

తప్పు మైక్‌ది కాదు. రెండు మాటల సౌండ్ ఒకటే. డబ్ల్యూ-ఈ-ఐ-జి-హెచ్-టి అంటే బరువు, నామవాచకం. మొదటిది ఆగమని చెప్పే క్రియ. ఏది రాయాలో ఫోన్ పక్క మాటల్ని బట్టి ఊహిస్తుంది. చిల్లీ కూడా అంతే: చివర 'ఐ' ఉంటే మిర్చి, నామవాచకం, 'వై' ఉంటే చల్లగా ఉందని చెప్పే విశేషణం.

అందుకే ఒక్క ముక్కతో సరిపెట్టకండి. "ద వెయిట్ ఈజ్ ఫార్టీ కిలోస్" అని పూర్తి వాక్యం చెప్పండి. పంపే ముందు ఓసారి చదువుకోండి.