పట్నంలో కొత్త కాపురం: ఖర్చు ఎవరిది?

పెళ్ళయిన కొత్తలో ఆలుమగలు అయినవాళ్ళకు దూరంగా, తెలియని ఊళ్ళో కాపురం పెట్టడం మన కథలకూ సినిమాలకూ చాలాకాలంగా పరిచయమున్న వస్తువే. దాన్ని గురించి సాధారణంగా రెండు రకాల మాటలు వినిపిస్తాయి. ఉమ్మడి కుటుంబపు కట్టుబాట్ల నుంచి బయటపడి ఇద్దరూ స్వేచ్ఛగా బతుకుతారని కొందరు సంతోషిస్తారు. పెద్దల్ని వదిలేసి ఎవరి దారి వాళ్ళు చూసుకునే కాలం వచ్చిందని మరికొందరు బాధపడతారు. పైకి ఈ రెండూ పరస్పర విరుద్ధంగా కనిపిస్తాయి. కాని రెండింటికీ పునాది ఒక్కటే. ఊరు విడవడం ఆ ఇద్దరి ఇష్టాయిష్టాలకు సంబంధించిన విషయమనీ, విడిచిన తర్వాత వాళ్ళ కాపురం ఇంటి నుంచి తెగిపోయిందనీ ఇరుపక్షాలూ అనుకుంటున్నాయి. ఈ అభిప్రాయం ఎంతవరకు నిజమో పామూరు ప్రాంతం నుంచి హైదరాబాదుకో, బెంగుళూరుకో పోయి కాపురం పెట్టే యువ దంపతుల జీవితాన్ని ఆధారం చేసుకుని పరిశీలిద్దాం.

ముందుగా ఆ ఊరి సంగతి చూడాలి. పామూరు 1970 దాకా నెల్లూరు జిల్లాలో ఉండేది. ఆ ఏడు నెల్లూరు, గుంటూరు, కర్నూలు జిల్లాల అంచు తాలూకాలను కలిపి ఒంగోలు జిల్లా ఏర్పాటు చేశారు. 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు. కనిగిరి, పామూరు, మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు పాత జిల్లాల్లోనూ చివరనే ఉన్నాయి, కొత్త జిల్లాలోనూ చివరనే ఉండిపోయాయి. నాగార్జునసాగర్ కుడికాలువ సాగునీరు దర్శి, అద్దంకి వైపు పొలాలకు అందింది గాని పామూరు దాకా రాలేదు. శ్రీశైలం జలాశయం నుంచి నల్లమల కొండల కింద సొరంగాలు తవ్వి 43.5 టి.యం.సి.ల కృష్ణా వరదనీటిని ఈ మెట్టభూములకు తేవాలన్న వెలిగొండ పథకానికి 1996లో శంకుస్థాపన జరిగింది. ఒక్కొక్కటి సుమారు 18.8 కిలోమీటర్ల పొడవున్న రెండు సొరంగాలనూ 2024లో ప్రారంభించారు. శంకుస్థాపన జరిగిన ఏడు పుట్టిన పిల్లవాడు పెరిగి, పెళ్ళిచేసుకుని, భార్యతో కలిసి పట్నం బస్సెక్కే నాటికి కూడా ఆ నీళ్ళు పొలంలోకి రాలేదు.

ఈలోగా రైతు ఊరుకోలేదు. వానను నమ్మి సజ్జ, కంది, ఆముదం వేశాడు. బోర్లు వేసి బత్తాయి తోటలు పెంచాడు. బోరు ఎండితే మరింత లోతుకు మరో బోరు వేశాడు. నీళ్ళు పడినా పడకపోయినా అప్పు మాత్రం నిలిచింది. అంటే మనం మాట్లాడుకుంటున్న కొత్త దంపతులు పట్నం మోజుతో ఇల్లు విడవలేదు. ఇంటి అప్పు తీర్చడానికి ఇల్లే వాళ్ళను పంపింది. కుటుంబం నుంచి విడిపోవడం కాదిది. కుటుంబం నిలబడడానికి కుటుంబమే చేసిన ఏర్పాటు.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. పూర్వం తెలుగు కూలీలు రంగూను పోయినప్పుడు ఎక్కువగా మగవాళ్ళే పోయారు. భార్యలు ఊళ్ళోనే ఉండిపోయారు. ఇవాళ పామూరు వైపు నుంచి బేల్దారి పనికి పోయేవాళ్ళు జంటగా పోతున్నారు. ఎందుకని? దీనికి జవాబు దాంపత్యంలో కంటే పని స్వభావంలోనే ఎక్కువగా ఉంది. మేస్త్రీ గోడ కట్టాలంటే ఇటుక అందించేవాళ్ళు, మాలు కలిపి తట్టలో మోసేవాళ్ళు ఉండాలి. మగవాడు మేస్త్రీ అయితే అతని భార్య ఆ రెండో మనిషి అవుతుంది. ఒక్క బేల్దారి పనిలోనే కాదు, మహారాష్ట్ర చెరకు తోటల్లో నరికే కూలీలను జంటల లెక్కనే కుదుర్చుకుంటారు. అక్కడ భార్యాభర్తలిద్దరినీ కలిపి ఒక ‘కోయితా’ అంటారు. కోయితా అంటే కొడవలి. ఇద్దరు మనుషులు కలిస్తే ఒక పనిముట్టు అన్నమాట! పెళ్ళికాని కుర్రవాడికి అక్కడ పని దొరకడం కష్టం కాబట్టి, పనికోసమే తొందరపడి పెళ్ళిళ్ళు చేయడం కూడా ఉంది.

హైదరాబాదులో వాచ్‌మన్ కాపురం ఇలాంటిదే. కడుతున్న అపార్టుమెంటుకు కాపలా ఉండడానికి యజమాని ఒంటరి మనిషిని పెట్టుకోడు, ‘ఫ్యామిలీ ఉన్నవాడు’ కావాలంటాడు. జీతం మాత్రం ఒక్కటే. అతను సిమెంటు బస్తాలకూ ఇనుముకూ కాపలా ఉంటాడు. ఆమె ఊడుస్తుంది, మోటారు వేసి సంపు నింపుతుంది, కట్టిన గోడకూ పోసిన శ్లాబుకూ పూటపూటా నీళ్ళు కొడుతుంది. పామూరులో బిందెడు తాగే నీళ్ళ కోసం కాచుకు కూర్చున్న ఆడపిల్ల ఇక్కడ కాంక్రీటుకు నీళ్ళు తాగించడం పనిగా పెట్టుకుంటుంది. ఆ పనికి విడిగా కూలి ఉండదు. అది భర్త జీతంలో కలిసిపోయి ఉంటుంది. ఉండడానికి సెల్లారులో ఒక గది ఇచ్చారు కాబట్టి అద్దె లేదు కదా అంటారు. కాని ఆ గది వాళ్ళ ఇల్లు కాదు, పనిచోటులోనే ఒక మూల. భవనం పూర్తయి గృహప్రవేశాలు జరిగే రోజున మొట్టమొదట ఖాళీ చేయవలసిన ఇల్లు అదే. పని పోయిన రోజునే గూడు కూడా పోతుంది. ఎంగెల్స్ 1872లో ఇళ్ళ సమస్య గురించి రాసిన వ్యాసాల్లో ఈ మెలిక ప్రస్తావించాడు. యజమాని ఇచ్చిన ఇంట్లో ఉన్న కార్మికుడు సమ్మె చేస్తే కూలితో పాటు నీడనూ పోగొట్టుకుంటాడు.

ఇక అయినవాళ్ళకు దూరంగా ఉన్నారన్న మాట. వాళ్ళను పనికి తీసుకువచ్చిన మేస్త్రీ చాలాసార్లు సొంత ఊరివాడు, వరసకు బాబాయో బావో అవుతాడు. కొత్త ఊళ్ళో జ్వరం వస్తే ఆసుపత్రికి తోడు వచ్చేదీ, బియ్యం అయిపోతే అప్పు ఇచ్చేదీ అతనే. ఈ సహాయం నిజమైనదే, దాన్ని చులకన చేయనక్కరలేదు. కాని ‘బాబాయ్’ అని పిలిచే మనిషిని పనిదినాల లెక్క అడగడం ఎలా? ముందు ఇచ్చిన అడ్వాన్సులో ఎంత తీరిందని నిలదీయడం ఎలా? కాంట్రాక్టరుకూ కూలీకీ మధ్య ఉన్న సంబంధం బాబాయికీ అబ్బాయికీ మధ్య ఉన్న సంబంధంగా కనిపిస్తుంది. బంధుత్వమే ఆసరా, బంధుత్వమే కట్టు.

చట్టాలు లేవా అంటే ఉన్నాయి. రాష్ట్రాంతర వలస కార్మికుల చట్టం 1979లో వచ్చింది. అది కాంట్రాక్టరు ద్వారా రాష్ట్రపు ఎల్లలు దాటి వెళ్ళిన వాళ్ళకే వర్తించింది. పామూరు నుంచి హైదరాబాదు వెళ్ళినవాడు 2014 జూన్ 1న సొంత రాష్ట్రంలో ఉన్నాడు. మర్నాడు తెల్లవారేసరికి పరాయి రాష్ట్రంలో ఉన్నాడు. అతను కదలలేదు, సరిహద్దు కదిలింది. అయినా బాబాయి మాటమీద బస్సెక్కిన మనిషి ఏ కాంట్రాక్టరు రిజిస్టరులోనూ లేడు కాబట్టి ఆ చట్టం అతని దరికి రాలేదు. రేషను కార్డు కూడా ఊళ్ళోనే ఉండిపోయేది. ఒక రాష్ట్రపు కార్డుతో మరో రాష్ట్రంలో బియ్యం తీసుకునే వీలును ఆంధ్రప్రదేశ్, తెలంగాణల మధ్య 2019లో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టారు.

అన్నిటికంటె ముఖ్యమైన విషయం పిల్లల పెంపకం. కొత్త కాపురంలో మొదటి బిడ్డ పుట్టే దాకా ఇద్దరూ ఎలాగో నెట్టుకొస్తారు. పురిటికి ఆమె పుట్టింటికి పోతుంది. ఆ కొన్ని నెలలు జంటలో ఒక కూలి ఆగిపోతుంది. బిడ్డతో తిరిగి వస్తే పనిచోట ఆ బిడ్డను ఎక్కడ పడుకోబెట్టాలి? నిర్మాణ కార్మికుల కోసం 1996లో చేసిన చట్టం శిశుగృహం ఉండాలనే చెప్పింది. కాని మామూలుగా యాభైమందికి మించి ఆడ కూలీలు పనిచేసే చోటనే ఉండాలని చెప్పింది. పది పన్నెండు మంది పనిచేసే అయిదంతస్తుల అపార్టుమెంటుకు ఆ నిబంధన ఎప్పుడు వర్తిస్తుంది? ఈ చట్టంతో పాటు 1979 చట్టాన్నీ కలిపివేసిన 2020 నియమావళిలో యాభైమంది ఆడవాళ్ళకు బదులు యాభైమంది కార్మికులు అన్నారు. చిన్న పనిచోట్లకు అదీ అందదు. అందుకని ఇసుక కుప్ప పక్కన చీర ఉయ్యాల కడతారు. బిడ్డ పాకడం, నడవడం మొదలుపెట్టేసరికి గుంతలు, సంపులు, ఇనుప చువ్వలు చూసి భయపడి, ఊరికి తీసుకుపోయి అవ్వాతాతల దగ్గర విడిచి వస్తారు.

ఆ ఊళ్ళో నీరు ఎలాంటిది? కనిగిరి, పామూరు ప్రాంతపు భూగర్భజలంలో ఫ్లోరైడు సమస్య చాలాకాలంగా ఉన్నదే. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములకు మించితే ఆ నీరు తాగడానికి తగదు. పళ్ళు తయారయ్యే వయసులో ఎక్కువ ఫ్లోరైడు ఉన్న నీరు తాగిన పిల్లలకు గారపళ్ళు వస్తాయి. ఏళ్ళ తరబడి తాగితే ఎముకలు, కీళ్ళు బిగుసుకుపోతాయి. మంచినీటి పథకాలు వచ్చినా, కుళాయి రాని రోజున బోరే దిక్కు. అంటే తల్లిదండ్రులు ఏ నీటికరువు వల్ల ఊరు విడిచారో ఆ నీటికే బిడ్డను అప్పగించి వస్తున్నారు. దీన్ని కన్నప్రేమ లేకపోవడం అనగలమా?

ఇప్పుడు మొత్తం లెక్క చూద్దాం. పనిచేయడానికి సిద్ధంగా ఉన్న ఇద్దరు వయసు మనుషులను పట్నం తీసుకుంటుంది. వాళ్ళను పెంచిన ఖర్చు పామూరుది. పురుటి ఖర్చు పామూరుది. పిల్లల పెంపకం పామూరులోని ముసలివాళ్ళది. నడుము విరిగి పని చేయలేని నాడు తిరిగి చేరవలసింది కూడా అక్కడికే. పట్నం ఇచ్చే కూలి ఆ ఇద్దరి ఆనాటి తిండికీ, అప్పులో కొంత భాగానికీ సరిపోతే చాలు. మిగిలినది ఊరు భరిస్తుంది కాబట్టే ఆ కూలి అంత తక్కువగా ఉండగలుగుతున్నది. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు ఈ లెక్క అందరి కళ్ళకూ కనబడింది. పని ఆగిన మరుక్షణం వాళ్ళను పోషించే బాధ్యత పట్నానికి లేదని తేలిపోయింది. వాళ్ళు నడిచి అయినా ఇంటికి పోవాలనుకున్నారు. కాపురం పట్నంలో ఉన్నా, దాని పునాది ఊళ్ళోనే ఉంది.

అయితే ఈ కాపురంలో స్వేచ్ఛ ఏమీ లేదా? ఆ మాట అనడం కూడా ఏకపక్షమే అవుతుంది. అత్తమామల ఎదుట పెదవి విప్పని కోడలు ఇక్కడ బజారుకు పోయి బేరమాడుతుంది, బస్సు నంబరు తెలుసుకుంటుంది, తన చేతి కూలి కళ్ళజూస్తుంది. భర్త ఒకనాడు బియ్యం కడిగితే వెక్కిరించేవాళ్ళు ఎవరూ లేరు. ఇవి చిన్న విషయాలు కావు. కాని అదే ఏకాంతంలో భర్త తాగివచ్చి కొడితే అడ్డుపడే అత్త కూడా లేదు. మేస్త్రీ పనికి ఒక కూలి, తట్ట పనికి ఒక కూలి. సమాన పనికి సమాన వేతనం అన్న చట్టం 1976లోనే వచ్చినా, ఆమెకు తాపీ పట్టడం నేర్పనంత కాలం ఆమె పని ‘సమానమైన పని’ కానే కాదు. స్వేచ్ఛకు తలుపు తెరుచుకున్నది నిజం. ఆ తలుపు దాటే శక్తి కూలిలో లేకపోవడమూ నిజమే.

చదువుకున్న దంపతుల విషయంలోనూ ఈ సూత్రం కొంతవరకు పనిచేస్తుంది. అమెరికా వెళ్ళిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగి భార్యకు అక్కడ ఉద్యోగం చేసే హక్కు లేదు. 2015లో నిబంధన మార్చి వారిలో కొందరికే ఆ వీలు ఇచ్చారు. పురిటికి అమ్మనో, అత్తనో ఆరు నెలలు పిలిపించుకుంటారు. పామూరు బిడ్డ అవ్వ దగ్గరికి పోతుంది, అమెరికా బిడ్డ దగ్గరికి అవ్వ వస్తుంది. రెండుచోట్లా జీతంలేని ఆడవాళ్ళ చాకిరీయే కొత్త కాపురాన్ని నిలబెడుతున్నది. కాని ఒకచోట విమానం టిక్కెట్టు కొనే స్తోమత ఉంది, రెండోచోట లేదు. ఈ వర్గభేదాన్ని మరచిపోయి ఇద్దరినీ ‘ప్రవాస దంపతులు’ అని ఒకే గాట కట్టడం సరికాదు.

మన సాహిత్యం వేరు కాపురాన్ని పట్టించుకోలేదని అనలేం. చాసో ‘వాయులీనం’లో జబ్బుపడి లేచిన భార్య ప్రాణంగా చూసుకునే వాయులీనాన్ని అమ్మి భర్త చీరలు తెస్తాడు. ప్రేమ ఉన్నా ఆ ఇంటి లెక్క ఆమె కళనే మింగుతుంది. రంగనాయకమ్మ ‘స్వీట్‌హోం’ మధ్యతరగతి ఇంట్లో భార్యాభర్తల సమానత్వాన్ని నవ్విస్తూ చర్చకు పెట్టింది. ఇవి విలువైన రచనలు. కాని చిరుద్యోగి ఇంటికి ఒకటో తారీకున జీతం వస్తుంది, తలుపు వేసుకోవడానికి ఒక గది ఉంటుంది. సెల్లారులో కాపురం పెట్టిన జంటకు ఆ రెండూ లేవు. వాళ్ళ కథ రాయదలచిన రచయిత పట్నంలోని గదిని మాత్రమే చూసి ఊరుకుంటే సగం కథే చెప్పినవాడవుతాడు. పామూరులో మనవడికి అన్నం కలిపి పెడుతూ ఫోనులో కూతురి గొంతు వినిపించే అవ్వ కూడా ఆ కాపురంలో మనిషే. ఆమెను చూస్తేనే ఆ కాపురపు ఖర్చు ఎవరు భరిస్తున్నారో పాఠకుడికి అర్థమవుతుంది. పనిచోట శిశుగృహం, విడిగా ఆమె పేరున కూలి, పొలానికి నీరు, తాగడానికి మంచినీరు అన్న కోరికలు వేరువేరు శాఖలకు పెట్టుకునే అర్జీలు కావని, ఒకే కాపురానికి సంబంధించినవని అప్పుడే తెలుస్తుంది.