"సర్దుకుపో" అనే ముందు

మన పెద్దల నోట ఒక సామెత తరచు వినిపిస్తుంది: "ఇంటి గుట్టు లంకకు చేటు." గుట్టు అంటే రహస్యం, చేటు అంటే నాశనం. రహస్యం బయటపడినందుకు లంకే కూలిపోయింది, మన ఇల్లు ఎంత, అని దాని భావం. భర్త చేతిలో దెబ్బలు తిన్న కోడలికి ఈ సామెత చెబుతారు. మనవడు పింఛను డబ్బు లాక్కున్న అవ్వకు కూడా ఇదే చెబుతారు.

కానీ రామాయణం మరోసారి గుర్తు చేసుకోండి. విభీషణుడు ముందు తన అన్నతోనే చెప్పాడు. నిండు సభలో చెప్పాడు. రావణుడు వినలేదు. లంకకు చేటు తెచ్చింది బయటికి పొక్కిన మాట కాదు, లోపల జరిగిన తప్పు.

ఇంట్లో జరిగే హింసకు దక్షిణాఫ్రికాలో ఏ సహాయం దొరుకుతుందో ఈ వ్యాసంలో చెబుతాను. ముందుగా ఒక ప్రశ్న. "మా పెళ్లి గుడిలో జరిగింది. రిజిస్టర్ చేయించలేదు. కోర్టు నా మాట వింటుందా?" అని మన ఆడవాళ్లు వెనకాడతారు. వింటుంది. తప్పకుండా వింటుంది.

ఈ భయం ఎక్కడిది?

ఈ భయానికి పాత కథ ఉంది. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి డర్బన్ రేవుకు వచ్చింది. 1911 వరకు 1,52,184 మంది గిర్మిట్ కూలీలుగా నేటాల్‌కు వచ్చారు. వారిలో మన తెలుగు ముత్తాతలు, ముత్తవ్వలు ఉన్నారు. ఆడవాళ్లు మగవాళ్లకంటే చాలా తక్కువ. పెళ్లి చేసుకుంటే దాన్ని ప్రభుత్వం వారి పుస్తకంలో రాయించాలి. పుస్తకంలో లేని పెళ్లికి విలువ లేదు.

1913 మార్చిలో కేప్ సుప్రీం కోర్టు జడ్జి సెర్ల్ ఒక తీర్పు ఇచ్చారు. ఒకరికంటే ఎక్కువమంది భార్యలను అనుమతించే మతం ప్రకారం జరిగిన పెళ్లి చట్టం ముందు చెల్లదని ఆ తీర్పు. హిందువులు, ముస్లిములు ఇద్దరూ మండిపడ్డారు. ఆడవాళ్లు సత్యాగ్రహంలో చేరి జైలుకు వెళ్లారు. మరుసటి సంవత్సరం, 1914లో, ఇండియన్ రిలీఫ్ చట్టం వచ్చింది. ఆ పోరాటం వల్ల మన పూజారులు కూడా మ్యారేజ్ ఆఫీసర్లు కాగలిగారు.

"కాగితం లేకపోతే నువ్వు భార్యవు కావు" అన్న మాట మాత్రం మన ఇళ్లలో ఉండిపోయింది. కొందరు భర్తలు ఇప్పటికీ దాన్ని బెదిరింపుగా వాడతారు.

చట్టం ఏమంటుంది?

గృహహింస చట్టం 1998లో వచ్చింది. గృహం అంటే ఇల్లు. ఈ చట్టానికి పెళ్లి కాగితం అక్కర్లేదు. మతాచారం ప్రకారం పెళ్లయినవారికి రక్షణ ఉంది. పెళ్లి లేకుండా కలిసి ఉన్నవారికి, నిశ్చితార్థం అయినవారికి, విడిపోయినవారికి కూడా ఉంది. తల్లిదండ్రులు, పిల్లలు, దగ్గరి బంధువులు కూడా దీని కిందికి వస్తారు. బాధపడేది మగవాడైనా ఇదే చట్టం.

దెబ్బలు ఒక్కటే హింస కాదు. రోజూ తిట్టి అవమానించడం హింసే. జీతం లాక్కోవడం, ఖర్చుకు డబ్బు ఇవ్వకపోవడం హింసే. వెంటపడటం, ఫోన్‌లో బెదిరించడం హింసే. 2021లో చట్టాన్ని మార్చి, మనిషిని గుప్పిట్లో పెట్టుకునే ప్రవర్తనను కూడా ఇందులో చేర్చారు.

విడాకులు, ఆస్తి వేరే విషయాలు. అక్కడ రిజిస్టర్ కాని పెళ్లికి చిక్కులు ఉన్నాయి. లీగల్ ఎయిడ్ ఆఫీసులో అడగండి. అక్కడ కూడా దారులు తెరుచుకుంటున్నాయి. 2008లో డర్బన్ హైకోర్టు హిందూ ఆచారం ప్రకారం పెళ్లయిన వితంతువుకు, వీలునామా లేని భర్త ఆస్తిలో వాటా ఉందని చెప్పింది.

రక్షణ ఉత్తర్వు

ఉత్తర్వు అంటే ఆజ్ఞ. ప్రొటెక్షన్ ఆర్డర్‌ను తెలుగులో రక్షణ ఉత్తర్వు అనవచ్చు. దీనికోసం మేజిస్ట్రేట్ కోర్టుకు వెళ్లాలి. దరఖాస్తుకు డబ్బు కట్టనక్కర్లేదు, లాయరు కూడా తప్పనిసరి కాదు. ఫారం నింపడానికి కోర్టు గుమాస్తా సహాయం చేయాలి.

ఏ కోర్టు? ఆమె ఉండే ఊరి కోర్టు, అతను ఉండే లేదా పనిచేసే ఊరి కోర్టు, హింస జరిగిన ఊరి కోర్టు, ఏదైనా సరే. చాట్స్‌వర్త్ నుంచి పారిపోయి పీటర్‌మారిట్జ్‌బర్గ్‌లో అక్క ఇంట్లో తలదాచుకుంటే, పీటర్‌మారిట్జ్‌బర్గ్‌లోనే దరఖాస్తు ఇవ్వవచ్చు. ప్రమాదం ఎక్కువగా ఉంటే కోర్టు వేళలు దాటాక కూడా తీసుకుంటారు.

మేజిస్ట్రేట్‌కు ప్రమాదం ఉందనిపిస్తే, అవతలి మనిషి రాకముందే తాత్కాలిక ఉత్తర్వు ఇస్తారు. దానితోపాటు అరెస్టు వారంటు కూడా సిద్ధం చేస్తారు. అతను ఉత్తర్వును పాటించినంత కాలం వారంటు నిద్రలో ఉంటుంది. మీరితే పోలీసులు అతన్ని అరెస్టు చేయవచ్చు. అతను ఇంట్లోకి రాకూడదని కోర్టు చెప్పవచ్చు. ఆమె కొత్త అడ్రసు అతనికి తెలియకుండా దాచవచ్చు. తరువాత ఒక తేదీన ఇద్దరి మాటా విని, చివరి తీర్పు ఇస్తారు.

"ఆయన్ని జైలుకు పంపడం నాకిష్టం లేదు" అనేవారు ఇది తెలుసుకోవాలి: క్రిమినల్ కేసు పెట్టకుండానే రక్షణ ఉత్తర్వు అడగవచ్చు.

తల దాచుకునే చోటు

ఇల్లు వదిలి రావలసి వస్తే షెల్టర్లు ఉన్నాయి. వీటిని ఆశ్రయ గృహాలు అందాం. పిల్లలను కూడా తీసుకువెళ్లవచ్చు. లెనేషియాలో నీసా సంస్థ 1994 నుంచి పనిచేస్తోంది. కేప్ టౌన్‌లో, మానెన్‌బర్గ్‌లో, సార్కీ బార్ట్‌మన్ సెంటర్ 1999లో మొదలైంది. మీకు దగ్గరలో ఏది ఉందో సోషల్ వర్కరు గాని, పోలీసులు గాని చెప్పాలి.

అత్యాచారం జరిగితే తుతుజేలా కేంద్రానికి వెళ్లాలి. తుతుజేలా అంటే ఖోసా భాషలో ఓదార్చడం. ఇవి ప్రభుత్వ ఆసుపత్రులలో ఉంటాయి. డాక్టరు, కౌన్సెలరు, పోలీసు ఒకే చోట సహాయం చేస్తారు. హెచ్ఐవి రాకుండా ఇచ్చే మందు 72 గంటల లోపల మొదలుపెట్టాలి. కాబట్టి ఆలస్యం చేయకూడదు.

వదిలి వచ్చే సమయమే చాలా ప్రమాదకరమైన సమయం. అందుకే ముందే సిద్ధం కావాలి. ఐడీ, పిల్లల జనన పత్రాలు, బ్యాంకు కార్డు, మందులు ఒక సంచిలో పెట్టి నమ్మకమైన మనిషి దగ్గర ఉంచండి. దెబ్బల ఫోటోలు, బెదిరింపు మెసేజీలు దాచుకోండి. అవి అతని చేతికి దొరికే ఫోన్‌లో మాత్రం ఉంచకండి.

అవ్వలూ, తాతలూ

మన సమాజంలో ఎక్కువగా దాగి ఉండే హింస ముసలివారి మీద జరిగేదే. మత్తుమందుకు అలవాటుపడ్డ మనవడు గ్రాంటు డబ్బు రాగానే తీసుకుపోతాడు. అవ్వ నోరు విప్పదు, పిల్లవాడిని జైల్లో పెడతారేమోనని భయం. ఇప్పుడు చట్టం మనకూ ఒక బాధ్యత పెట్టింది. పిల్లల మీద, వికలాంగుల మీద, వృద్ధుల మీద గృహహింస జరుగుతోందని తెలిసిన పెద్దవారు ఎవరైనా సోషల్ వర్కరుకు గాని, పోలీసులకు గాని చెప్పి తీరాలి. చెప్పకపోవడం నేరం.

ఏమని పలకరించాలి?

నేను గుడి తరగతుల్లో తెలుగు నేర్చుకున్నాను. ఓర్పు, పరువు, త్యాగం అనే మాటలు అక్కడ బాగా వచ్చాయి. కష్టంలో ఉన్నవారితో మాట్లాడే మాటలు కూడా మనకు రావాలి. అవ్వలు తమ మనసులోని మాటను తెలుగులోనే చెప్పవచ్చు. ఈ వాక్యాలు నేర్చుకోండి, పైకి చదవండి:

"అవ్వా, ఇంట్లో ఎవరైనా నిన్ను బాధపెడుతున్నారా?"
"అక్కా, నీ మాట నేను నమ్ముతున్నాను."
"ఇందులో నీ తప్పు లేదు."
"కోర్టుకు నేను తోడు వస్తాను."
"నువ్వు ఎప్పుడు పిలిచినా వస్తాను."

"ఇన్నాళ్లూ ఎందుకు ఊరుకున్నావు?" అని అడగవద్దు. "పిల్లల కోసం సర్దుకుపో" అనవద్దు. ఆ పిల్లలు పక్కగదిలో అంతా వింటూనే ఉంటారు. మరునాడు బడిలో బల్ల మీద తల పెట్టి నిద్రపోయే పిల్లలను టీచర్లం మేము చూస్తూ ఉంటాం.

ప్రభుత్వ సహాయ కేంద్రం నంబరు 0800 428 428. పగలూ రాత్రీ పనిచేస్తుంది, ఉచితం. మాట్లాడే వీలు లేకపోతే *120*7867# నొక్కితే వాళ్లే తిరిగి ఫోన్ చేస్తారు. పోలీసులకు 10111, పిల్లల కోసం చైల్డ్‌లైన్ 116.

గుడి కమిటీలకు ఒక మనవి. ఈ నంబర్లను నోటీసు బోర్డు మీద పెట్టండి. ఆడవాళ్ల టాయిలెట్ తలుపుకు లోపలి వైపున కూడా అంటించండి. భర్తతో, అత్తతో కలిసి గుడికి వచ్చిన ఆమెకు, ఎవరూ చూడకుండా ఒక నంబరు చదువుకునే చోటు అదొక్కటే కావచ్చు.