తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా

చిన్న పిలగాడు నీళ్లల్ల పడి పోతే మనం 'రాత' అని ఊకుంటం. బంగ్లాదేశ్‌లో డాక్టర్ అమీనుర్ రహ్మాన్, ఆయన తోటివాళ్లు ఊకోలేదు. ఎవరు, ఎక్కడ, ఏ టైముకు మునిగిండ్రో ఇల్లిల్లు అడిగి లెక్క కట్టిండ్రు.

తేలింది ఏందంటే, 1 నుంచి 4 ఏండ్ల పిల్లలు ఎక్కువగా ఇంటి పక్క గుంటలనే, పొద్దున 9 నుంచి మధ్యాహ్నం 1 లోపలనే పోతున్నరు. అది తల్లి ఇంటి పనిల, తండ్రి బయట పనిల ఉండే టైము. అందుకని ఊర్లల్ల 'ఆంచల్' పెట్టిండ్రు. ఆంచల్ అంటే చీర కొంగు. ఆ నాలుగు గంటలు ఊరి ఆడామె ఒకామె పిల్లలను చూస్తది. అక్కడికి వచ్చే పిల్లలల్ల ఈ చావులు నూటికి 80 వంతుల దాకా తగ్గినయి. కొంచెం పెద్ద పిల్లలకు ఈత నేర్పిండ్రు.

మన కామాఠిపుర చాళ్లల్ల చెరువు లేదు. కానీ నల్లా వచ్చినప్పుడు నింపిన డ్రమ్ము, బకెట్ గడప కాడనే ఉంటయి. పసిపిల్లకు తల బరువు. బకెట్ల తలకిందులు పడితే లేవలేదు. మూత పెట్టుండ్రి. పనికి పోయేటప్పుడు పక్క ఖోలీ అక్కకు చెప్పి పోండ్రి. ఎండకాలం ఊరికి పోతే బావి కాడికి పిల్లలను ఒక్కలనే పంపకుండ్రి.