మతిమరుపు జాడ తీసే జంట యంత్రం

ఆల్జీమర్స్ జబ్బును బతికున్న మనిషి మెదడులో చూడటం దాదాపు వందేళ్లపాటు వైద్యుల వల్ల కాలేదు. 1906లో ఆగుస్టె డేటర్ అనే మహిళ చనిపోయాక, ఆమె మెదడును సూక్ష్మదర్శిని కింద పరిశీలించినప్పుడే జర్మన్ వైద్యుడు అలోయిస్ ఆల్జీమర్‌కు ఆ మతిమరుపు వెనకున్న మచ్చలు, చిక్కుపడ్డ పోగులు కనిపించాయి. మనిషి ఉండగానే ఆ జాడ తీసే సాధనం ఒక్కరోజులో రాలేదు. మూడు యంత్రాలు వేర్వేరుగా పుట్టి, పెరిగి, చివరికి జతకట్టాయి.

మొదట వచ్చింది సీటీ. 1971లో లండన్‌లో గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ తయారుచేసిన యంత్రం రోగి మెదడును పొరలు పొరలుగా చూపింది. ఆ దశాబ్దంలోనే అయస్కాంతంతో పనిచేసే ఎమ్మారై, రేడియోధార్మిక చక్కెరతో పనిచేసే పెట్ స్కాన్ రూపుదిద్దుకున్నాయి. ఎఫ్‌డీజీ అనే ఆ చక్కెరను 1976లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో తొలిసారి మనిషికి ఎక్కించారు.

పెట్ స్కాన్‌కు రోగి పరగడుపున రావాలి. సూది వేశాక చప్పుడు లేని గదిలో అరగంటకు పైగా పడుకోబెడతారు. ఆ సమయంలో మాట్లాడినా, దేన్నయినా తదేకంగా చూసినా మెదడులో ఆ పని చేసే భాగం ఎక్కువ చక్కెర లాగేసుకుంటుంది. చక్కెరకు జోడించిన ఫ్లోరిన్-18 నుంచి వెలువడిన పాజిట్రాన్ పక్కనున్న ఎలక్ట్రాన్‌ను కలవగానే రెండూ అంతరించి, రెండు గామా కిరణాలు ఎదురెదురు దిక్కులకు దూసుకెళతాయి. తల చుట్టూ ఉన్న వలయం ఆ రెండింటినీ పట్టుకుని, అవి ఏ గీత మీద పుట్టాయో లెక్కగడుతుంది. అలాంటి గీతలు లక్షల్లో కలిస్తే ఒక బొమ్మ తయారవుతుంది.

చెరువు కట్ట ఎక్కడ కుంగిందో ఎమ్మారై చెబితే, ఏ మడికి నీరు అందడం లేదో పెట్ చెబుతుంది. ఆల్జీమర్స్‌లో జ్ఞాపకశక్తికి ఆయువుపట్టయిన హిప్పోక్యాంపస్ కుంచించుకుపోవడం ఎమ్మారైలో కనిపిస్తుంది. టెంపోరల్, పెరైటల్ భాగాలు చక్కెర వాడకం తగ్గించుకోవడం పెట్‌లో కనిపిస్తుంది. అయితే పెట్ బొమ్మ మసకగా ఉంటుంది. వెలుగు తగ్గింది ఏ మడతలోనో తేల్చాలంటే పక్కన స్పష్టమైన బొమ్మ ఉండాలి.

ఆ అవసరమే యంత్రాలను కలిపింది. డేవిడ్ టౌన్‌సెండ్, రొనాల్డ్ నట్ రూపొందించిన పెట్-సీటీ 1998లో పిట్స్‌బర్గ్‌లో పనిలోకి దిగింది. ఎమ్మారైతో జత అంత సులువు కాలేదు. పెట్ యంత్రంలో కాంతిని పసిగట్టే గొట్టాలు అయస్కాంతం దగ్గర పనిచేయవు. వాటి స్థానంలో అర్ధవాహక సెన్సర్లు వచ్చాకే 2010 నాటికి ఒళ్లంతా చూడగల పెట్-ఎమ్మారై సిద్ధమైంది.

ఈలోగా పిట్స్‌బర్గ్ శాస్త్రవేత్తలు క్లంక్, మాథిస్ అమిలాయిడ్ మచ్చలకు అంటుకునే రసాయనాన్ని తయారుచేశారు. 2002లో స్వీడన్‌లోని ఉప్సలాలో దానితో మొదటి రోగికి స్కాన్ తీశారు. ఆల్జీమర్ చూసిన మచ్చలు బతికున్న మనిషిలో కనిపించాయి. కానీ జ్ఞాపకశక్తి చక్కగా ఉన్న కొందరు పెద్దవాళ్లలోనూ అవి ఉంటాయి. అందుకే ఏ ఒక్క ఆధారాన్నీ నమ్ముకుని తీర్పు చెప్పకూడదు. 2011లో వెలువడిన ఒక అధ్యయనంలో ఆల్జీమర్స్ రోగులను ఆరోగ్యవంతుల నుంచి వేరుచేయడానికి అత్యుత్తమమైన ఒక్క పరీక్షతో 86.5 శాతం కచ్చితత్వం వస్తే, ఎమ్మారై, పెట్, వెన్ను ద్రవం పరీక్షలను కలిపితే 93.2 శాతం వచ్చింది.

మెదడు కుంచించుకుపోయిందని చెప్పాలంటే మామూలు మెదడు కొలత తెలియాలి. చాలాకాలంగా మన వైద్యులు వాడింది కెనడాలో తయారైన నమూనా. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో జయంతి శివస్వామి బృందం కేరళలోని శ్రీచిత్ర సంస్థతో కలిసి, 100 మంది భారతీయుల ఎమ్మారైల ఆధారంగా 2019లో భారతీయ మెదడు అట్లాస్‌ను రూపొందించింది. మన సగటు మెదడు పాశ్చాత్యుల సగటుకన్నా కాస్త చిన్నదని తేలింది. పరాయి కొలతతో చూస్తే ఆరోగ్యంగా ఉన్న మెదడునూ జబ్బు మెదడని పొరబడే ప్రమాదముంది.

ఇక దూరం సంగతి. ఫ్లోరిన్-18 ప్రతి 110 నిమిషాలకు సగానికి తగ్గిపోతుంది. హైదరాబాద్‌లో తయారైన ఎఫ్‌డీజీ మూడు గంటల్లో కరీంనగర్ చేరేసరికి మూడో వంతే మిగులుతుంది. అయిదున్నర గంటల్లో ఆదిలాబాద్ చేరితే మిగిలేది ఎనిమిదో వంతు. ఉప్సలాలో వాడిన రసాయనంలోని కార్బన్-11 అయితే 20 నిమిషాలకే సగమవుతుంది. దాన్ని తయారైన చోటే వాడాలి.

అందుకే జిల్లాల్లో తొలి అడుగు స్కాన్ కాదు, రోగి సొంత భాషలో చేసే జ్ఞాపకశక్తి పరీక్ష. భాషకు ఇంకో ప్రాధాన్యమూ ఉంది. హైదరాబాద్ నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా (మతిమరుపు జబ్బు) రోగులను పరిశీలించి 2013లో ఒక అధ్యయనం వెలువరించింది. రెండు భాషలు మాట్లాడేవారిలో జబ్బు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందనీ, చదువురాని వారిలోనూ ఇదే కనిపించిందనీ అది తేల్చింది. గోండి, మరాఠీ, ఉర్దూ, తెలుగు కలిసి బతికే ఆదిలాబాద్‌కు ఇది పనికొచ్చే విషయం.

ఇంట్లో పెద్దాయన తెలిసిన దారి తప్పుతున్నా, పెద్దమ్మ అడిగిందే మళ్లీ మళ్లీ అడుగుతున్నా వయసని సరిపెట్టుకోకండి. జిల్లా కేంద్రంలోని పెద్దాస్పత్రికి తీసుకెళ్లండి. థైరాయిడ్ లోపం, బీ12 లోపం, తలలో రక్తం గడ్డకట్టడం కూడా మతిమరుపు తెస్తాయి. రక్తపరీక్షతో, సీటీ స్కాన్‌తో బయటపడే ఈ మూడింటికీ వైద్యం ఉంది.