బాలురకు తొలి సిగరెట్టు ఎచ్చట దొరకుచున్నది?

మన మారిషస్ దేశమున పదునెనిమిది యేండ్లు నిండనివారికి సిగరెట్లు అమ్మరాదు. విడిగా అమ్ముటయు నిషిద్ధమే. 2009 నుండి పెట్టెలపై రోగుల చిత్రములున్నవి. 2023లో, ఆఫ్రికా ఖండమున మొట్టమొదటగా, పెట్టెలకు రంగులును సొగసులును తీసివేసిరి. అయినను పదునాలుగేండ్ల బాలురు పొగ త్రాగుచునే యున్నారు, బాలికలును లేకపోలేదు.

కారణమేమని మేము కొందరి నడిగితిమి. ఒకడు తలవంచుకొని, "మొదటిది మా నాయన పెట్టెలోనిదే, అయ్యగారూ" అనెను. తాతగారికి సిగరెట్లు తెచ్చుటకై చిన్ననాట అంగడికి పోయెడివాడనని మరియొకడు చెప్పెను.

తొలిపొగ ఎవరికిని రుచింపదు. దగ్గు వచ్చును, తల తిరుగును. అయినను తోటివారు "ఇంకను పసివాడవే" యని నవ్వుదురను భయముచే రెండవది ముట్టించును. పొగాకునందలి నికోటిన్ కొన్ని క్షణములలోనే మెదడునకు చేరును. ఆ వయసున మెదడింకను ఎదుగుచుండుటచే అలవాటు పెద్దలకంటె త్వరగా పట్టుకొనును. రోజూ త్రాగనివాడు సైతము మానలేక తపించును.

రామభజన రాత్రులందు దీపము చుట్టు ఆడి అలసి, మనలో కొందరు మందిరపు గేటు వెలుపల నిలిచి అగ్గిపుల్ల గీయుదురు. బాలురు తాళములు చేతబట్టుకొని ఆ ప్రక్కనే యుందురు. మేమును అట్లు నిలిచినవారమే, చెప్పుకొనుటకు సిగ్గగుచున్నది.

గత ఉగాదినాడు మాలో ముగ్గురు మానివేసిరి. ఒకరు మరల మొదలిడిరి. ఆయన కుమారుడిప్పుడు ఇంట అగ్గిపెట్టెలు దాచుచున్నాడట.